రెండో పొట్లం

కోవిల్‌పట్టి హైస్కూల్లో చరిత్ర చెప్పే పెరుమాళ్సామి మడిచిన కాగితం ముట్టుకోడు. జవాబు పత్రం మడిచి ఇస్తే వేలికొసతో వెనక్కి తోసి, విప్పి ఇమ్మంటాడు. పిల్లలు చాటున నవ్వుకుంటారు. ఆ రోజు యూరప్ చరిత్ర పరీక్ష దిద్దిన పేపర్లు పంచి, ఒక్కో ప్రశ్నకూ జవాబు చెబుతున్నాడు. గెలీలియో టెలిస్కోపులోంచి చూడమంటే కొందరు పండితులు ఎందుకు ఒప్పుకోలేదు? పాత గ్రంథాల మీద నమ్మకం వల్ల, అని బోర్డు మీద రాశాడు. బృంద తన పేపరు పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ఇద్దరి ఇళ్లలోనూ తెలుగే కాబట్టి, గొంతు తగ్గించి తెలుగులోనే అడిగింది. "నాకేమిటికి సార్ సున్నా ఏసినారు? చూస్తే తెలిసిపోతాదని బయం, అని రాసినాను. అదీ నిజమే కదా?"

ఆయన సుద్దముక్క పెట్టేసి ఆ పేపరు అందుకున్నాడు. ఇరవై ఏళ్ల కిందట తన చెల్లెలు పొన్నుత్తాయి కడుపునొప్పితో మెలికలు తిరుగుతుంటే, వెంటనే విరుదునగర్ తీసుకుపోయి ఆపరేషన్ చేయించమన్నాడు డాక్టరు. కత్తి పేరు వింటేనే వణికిపోయే అమ్మ, దేవుడి ముందు కాగితంలో మడిచిన రెండు పూల పొట్లాలు పెట్టింది. తెల్లపువ్వు వస్తే ఆసుపత్రి, ఎర్రపువ్వు వస్తే వద్దు. "నువ్వే ఎత్తరా అయ్యా," అంది. అప్పటికే ఈ పాఠం చెబుతున్న పెరుమాళ్సామి ఒకటి ఎత్తి విప్పాడు. ఎర్రపువ్వు. మూడో రోజుకి పొన్నుత్తాయి లేదు. రెండింటిలోనూ అమ్మ ఎర్రపువ్వే కట్టిందేమో అన్న అనుమానం ఆ రోజు నుంచీ ఆయన్ని వదల్లేదు. బృంద పేపరు మీద సున్నా కొట్టేసి పూర్తి మార్కులు వేశాడు. ఆ రెండో పొట్లం ఆయన బీరువాలో ఇంకా విప్పకుండా అలాగే ఉంది.