పసుపు కింద లప్పం

శ్రీశైలానికి నచ్చే వస్తువు లోకంలో ఇంకా తయారు కాలేదని కోరుట్లలో ఆయన చుట్టాలు వెక్కిరిస్తుంటారు. అందులో అబద్ధం పెద్దగా లేదు. పెళ్లి భోజనానికి కూర్చుంటే ముందు బల్ల కాళ్లు సమంగా ఉన్నాయో లేదో వంగి చూస్తాడు. బస్సెక్కితే ఆ కిటికీ కడ్డీకి వెల్డింగ్ చేసినవాడి చేతులు విరగ్గొట్టాలంటాడు. షార్జాలో ఒక వర్క్‌షాపులో ఏళ్ల తరబడి లేత్ మిషన్ మీద ఇనుము కోసే టర్నర్ పని చేశాడు. అక్కడ వెంట్రుకవాసి తేడా వస్తే ఆ ఇనుప ముక్క తుక్కులోకి పోవలసిందే. ఆ అలవాటు ఇంటికొచ్చాక కూడా ఆయన్ని వదల్లేదు, ఇంట్లో వాళ్లకది జబ్బులా కనిపించేది.

ఈసారి సెలవు మీద వచ్చినప్పుడు ఆయన భార్య ప్రేమలత పట్టుబట్టింది.

"నీకు అచ్చేది ఇనుము కోసుడే గద. గా ఇనుము ఈడ లేదా? ఇగ పోకు," అంది బీడీల చాట ఒళ్లో పెట్టుకుని, తలెత్తకుండానే.

ఆ మాట ఆయనకు నచ్చింది. సిరిసిల్లలో సాంచాలు, అంటే బట్ట నేసే మరమగ్గాలు, పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి. వాటి షాఫ్టులు, బుష్షులు అరుగుతూనే ఉంటాయి. ఇంట్లో చిన్న లేత్ మిషన్ ఒకటి ఉంటే ఆ పనంతా తెచ్చి చేసుకోవచ్చు. ఇంటి వెనక రేకుల షెడ్డు వేయించాడు. మిషన్ కూర్చోబెట్టడానికి సిమెంటు దిమ్మె కట్టించి, దాని మట్టం తానే సరిచూశాడు. ఇక మిగిలింది మిషన్ ఒక్కటే. మంచిది దొరికితే పెళ్లాం పక్కన ఉండిపోతాడు. దొరక్కపోతే వీసా గడువు ముగిసేలోగా మళ్లీ విమానం ఎక్కుతాడు.

ముందు జగిత్యాల పోయాడు. అక్కడి కొట్లో కొత్త లేత్ తళతళలాడుతోంది. పిడి పట్టి కదిపితే లొడలొడ ఊగింది.

"ఫోన్ల వీడియో చూడుండ్రి సార్, వెన్న కోసినట్టు కోస్తది," అన్నాడు కొట్టువాడు.

"వీడియోల నేను గూడ పైల్వాన్నే," అని మెట్లు దిగి వచ్చేశాడు. తర్వాత కోరుట్లలోనే ఒక పాత సామాన్లవాడు ఇంకో మిషన్ చూపించాడు. దానికి ఆకుపచ్చ రంగు ఎంత ప్రేమగా వేశారంటే నూనె పోసే రంధ్రాలు కూడా మూసుకుపోయాయి. శ్రీశైలం దాన్ని ముట్టుకోకుండానే వచ్చేశాడు. ఇనుమును కూడా గౌరవించలేని మనుషుల మధ్య ఎట్లా బతకడమని ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని తిట్టి తిట్టి, సగంలోనే లేచిపోయాడు.

ఆ సమయంలోనే సిరిసిల్ల దేవయ్య కబురు అందింది. సాంచాల రిపేరు షెడ్డు నడిపిన పెద్దాయన. చూపు మందగించి షెడ్డు మూసేస్తున్నాడు. ఆయన దగ్గర చిన్న లేత్ ఉంది. "దసర నాడు రా కొడుకా. మంచి దినం. పూజ జేసి నీ చేతుల పెడత," అన్నాడు ఫోన్‌లో.

శ్రీశైలం పోయేసరికి మిషన్ పెళ్లికూతురై ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పసుపు, మీద కుంకుమ బొట్లు, కడ్డీని బిగించి తిప్పే చక్ మెడలో బంతిపూల దండ. దేవయ్య ఆయన చేతిలో జమ్మి ఆకు పెట్టి గుండెలకు హత్తుకున్నాడు. మా వైపు దసరానాడు జమ్మి చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకున్నాక, ఏడాదంతా మాట్లాడుకోని దాయాదులు కూడా నవ్వుతూ పలకరించుకుంటారు. ఆ పూట ఎదుటివాణ్ని అనుమానంగా చూడటం మనిషితనం కాదు.

అయినా శ్రీశైలం చెయ్యి ఊరుకోలేదు. లేత్‌కు బెడ్డే ప్రాణం. పనిముట్టు జరిగే ఆ ఇనుప పట్టాలు చక్ దగ్గరే ఎక్కువ అరుగుతాయి. అక్కడ గోరు పెట్టి లాగితే చాలు, మిషన్ జాతకం తెలిసిపోతుంది.

"కాకా, బెడ్ ఒక్కసారి..." అంటూ వేలు చాచాడు.

దేవయ్య నొచ్చుకున్నట్టు చూశాడు. "పూజల ఉన్నది కొడుకా. ఇయ్యాల పనిముట్టును కదిలియ్యద్దు. నీదే గద, ఇంటికి వోయినంక కడుపునిండ చూస్కో."

చాచిన వేలు వెనక్కి వచ్చింది. చేతిలో ఉన్న డబ్బంతా ఆ ముసలాయన చేతుల్లో పోసి, దండలతో సహా మిషన్‌ను ట్రాలీ ఆటో ఎక్కించాడు. గుంత వచ్చినప్పుడల్లా డ్రైవర్‌ని కసురుతూ కోరుట్ల దాకా తెచ్చాడు.

ప్రేమలత హారతి ఇచ్చి దింపించుకుంది. పూలు వాడేదాకా ఆగి, మంచి వారం చూసి తుడుద్దామంది. ఆయన ఆగాడు. ఆ మంచి వారం వచ్చాక బనీను గుడ్డతో పసుపు తుడిచి, పనిముట్టును చక్ వైపు జరిపాడు. దాని కింద నుంచి బూడిదరంగు పెచ్చులు రాలాయి. లప్పం! కారు సొట్టలకు పూసే లప్పం. అది రాలిన చోట పట్టాల మీద బొటనవేలు దిగేంత గుంత. గుండె చిక్కబట్టుకుని ఒక కడ్డీ బిగించి కోసి చూశాడు. ఒక కొన లావు, ఒక కొన సన్నం. ముల్లంగి దుంప నయం, తినడానికైనా పనికొస్తుంది.

మర్నాడు తెల్లారక ముందే సిరిసిల్ల బస్సెక్కాడు. దేవయ్య అరుగు మీద కూర్చుని సాసర్లో టీ ఊదుకుంటున్నాడు. శ్రీశైలం కేకలకు చుట్టుపక్కల వాళ్లు తొంగిచూశారు గానీ ముసలాయన మాత్రం చలించలేదు.

"నేనేం జేసిన కొడుకా? నాకిచ్చినోడు గూడ దసర నాడే ఇచ్చిండు. గిట్లనే పసుపు పూసి ఇచ్చిండు. లప్పం గూడ ఆనిదే, ఊడినప్పుడల్లా మల్ల పెట్టుకున్న గంతే. చిన్న బుష్షులు కోసుకుంట నడిపిన."

"మరి నాకు చెప్పద్దా కాకా?"

"నువ్వు షార్జాల చేసినోనివి. నీకు తెల్వదా అనుకున్న." ఆ మాట అంటూ ముసలాయన పళ్లులేని నోటితో నవ్వాడు. "గంత కోపమెందుకు? ఎల్లారెడ్డిపేట పిలగాడు ఒగడు లేత్ కావాల్నని తిరుగుతుండు. ముందట దీపావళి ఉన్నది. మంచిగ పూజ జేసి వానికి ఇచ్చెయ్. ఇగో, చాయ తాగు."

ఆ నవ్వు, సాసరు అంచున ఈగ, గోడకు వేలాడుతున్న ఎండిన జమ్మి కొమ్మ, అన్నీ శ్రీశైలానికి ఒక్కసారే రోత పుట్టించాయి. అయినా పెద్దమనిషి చేతికిస్తే కాదనలేక ఆ టీ తాగాడు. బస్సులో కూర్చున్నాక ఆ తాగినదే ఎక్కువ అసహ్యమనిపించింది. కిటికీలోంచి ఎన్నిసార్లు ఉమ్మినా నోట్లో ఆ రుచి పోలేదు.

ఇంటికొచ్చి జరిగిందంతా ప్రేమలత ముందు కక్కేశాడు. ముసలాయన్ని, ఆయన వంశాన్ని, సిరిసిల్లను, చివరికి పసుపును కూడా తిట్టాడు. ఆమె బీడీలు చుడుతూనే ఉంది. ఎల్లారెడ్డిపేట మాట దగ్గర మాత్రం చేతిలో బీడీ ఆకు ఒక్క క్షణం ఆగింది.

దీపావళి మర్నాడు ఆయన కూరగాయల సంచితో ఇంట్లోకి వచ్చేసరికి షెడ్డులో రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. వినోద్ అని మోటార్లు బాగుచేసే అతను, అతని భార్య స్రవంతి వచ్చి కూర్చున్నారు. ఎల్లారెడ్డిపేట నుంచి. మిషన్ నిండా పసుపు. చక్ దగ్గర గుంత ఉన్న చోట మరీ దట్టంగా, ముద్దలు ముద్దలుగా అదిమి ఉంది. మీద కుంకుమ, బంతిపూలు. ప్రేమలత పొద్దున్నే లేచి చేసిన పని. ఆమె ఆయన వంక చూడలేదు. శ్రీశైలం తెల్లబోయాడు. సిరిసిల్ల అరుగు మీద విడిచి వచ్చాననుకున్న రోత తన ఇంట్లోనే, తన కోసమే వెలిసింది.

వినోద్ లేచి నిలబడ్డాడు. "దేవయ్య కాక చెప్పిండన్న. అక్క ఫోన్‌ల రమ్మన్నది."

"చూసుకున్నవా?"

"మేం చర్చికి పోయెటోల్లం అన్న. మీ పూజ మీద చెయ్యి పెట్టుడు మంచిగుండది." అతను మొహమాటంగా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "నువ్వు మంచిగున్నదను, సాలు. షార్జాల చేసినోనివి. నీకంటె ఎక్వ ఎవలికి తెలుస్తది?"

"చాయ పెడత," అంటూ ప్రేమలత లోపలికి పోయింది.

మంచిగున్నది అనడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో పోయినదంతా తిరిగొస్తుంది, ఇంకో మిషన్ కొనుక్కోవచ్చు, ఇక్కడే ఉండిపోవచ్చు. శ్రీశైలం నోరు తెరిచాడు. గొంతులో ఆ సిరిసిల్ల టీ మళ్లీ పైకొచ్చింది. అది నిజాయితీ అంటే నేను ఒప్పుకోను, ఉత్త వెగటు. దండెం మీది బనీను గుడ్డ తీసి వినోద్ చేతికిచ్చాడు.

"తుడువు."

"వద్దన్న..."

"తుడువుమంటున్న!"

వినోద్ భయపడుతూ తుడిచాడు. పసుపు ముద్ద ఊడి, వేలు గుంతలోకి దిగింది. చాలాసేపు అక్కడే ఉంచి, తర్వాత స్రవంతి వంక చూశాడు. గుడ్డను మడిచి మిషన్ పక్కన పెట్టి, "పొయ్యస్తం అన్న," అని చెప్పి ఇద్దరూ వెళ్లిపోయారు.

టీ గ్లాసులతో వచ్చిన ప్రేమలత ఖాళీ కుర్చీలు, పసుపైన గుడ్డ చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. ఏడుస్తుందనుకున్నాడు, తిడుతుందనుకున్నాడు. రెండూ చేయలేదు.

"అడుగనోని చేతికి గుడ్డ ఇచ్చి మరీ తుడిపిచ్చినవు," అంది. "నేను నిన్ను ఉంచుకుందమని మల్ల పసుపు పూసిన. గా ముసలోని ముందట నీ చేతికి గుడ్డ దొరకలేదా?"

శ్రీశైలం మిషన్ మీద మిగిలిన పసుపును చేత్తోనే తుడిచేశాడు. చేతులకు అంటిన పసుపును అంగీకి తుడుచుకుని, షార్జా ఫోర్‌మాన్‌కి ఫోన్ చేశాడు. ఎప్పుడొస్తావని అవతలి నుంచి అడిగితే, ఆమె వైపు చూడకుండా, ఈ వారమే అన్నాడు.