ఎర్రగీత లేని పేజీ

మా పత్రికలో బాబాయ్ అంటే సీనియర్ సబ్ ఎడిటర్. ఆయన అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. ముప్ఫై ఏళ్లు చెవిమీద ఎర్ర పెన్నుతో తిరిగిన మనిషి, చివరి రెండేళ్లు దాన్ని సొరుగులో పడేశాడు. ఎందుకో చెబుతాను.

ఆ పెన్ను చేతిలో ఉంటే ఆయనకి ఊరుకోబుద్ధి కాదు. పిన్ని రాసిచ్చిన సరుకుల చీటీని కూడా దిద్దాడు. కొట్టేసినవాటిలో పంచదార ఉంది. "వారం రోజులు కాఫీ అలాగే తాగండి" అని ఆవిడ శిక్ష వేసిందట. ఆయనే చెప్పి నవ్వేవాడు. నేను పక్క బల్ల మీద పేజీలు కూర్చే డిజైనర్ని, నవ్వడం నా వంతు.

ఏటా కొందరు పిల్లలు మూణ్నెల్ల ఇంటర్న్‌షిప్‌కి వచ్చేవాళ్లు. డిజైన్ కావాలన్నవాళ్లు నా దగ్గర, ఎడిటింగ్ కావాలన్నవాళ్లు ఆయన దగ్గర. ఆయన చివరి వారం పరీక్ష పెట్టేవాడు. ఎవరో పాఠకులు పంపిన వ్యాసం అందరికీ ఇచ్చి దిద్దమనేవాడు. ఎవరి కాగితం మీద ఎర్రగీతలు ఎక్కువుంటే వాళ్లకే ఉద్యోగం. వేలు పెట్టి మరీ లెక్కపెట్టేవాడు. ఇదేం పద్ధతో అనుకునేదాన్ని గానీ, పైకి ఎప్పుడూ అనలేదు.

ఆ ఏడు ఇద్దరు మిగిలారు. ఒకడు మాటల పుట్ట. రెండోది ఒక అమ్మాయి, నోట్లో నాలుక లేదు, ఆఖరికి భోజనం డబ్బా తెరిచినా చప్పుడయ్యేది కాదు. వ్యాసం ఒక దర్జీ పెద్దావిడ రాసింది. పోయిన భర్త చొక్కాలు విప్పి మనవడికి కొలతలు తగ్గించి కుట్టడం గురించి. కుర్రాడు గంటలో ముప్ఫై ఏడు గీతలు గీసుకొచ్చాడు. అమ్మాయి నా బల్ల చివర రెండు రోజులు కూర్చుంది. ఒక వాక్యం మీద పెన్ను పెట్టేది, ఆ వాక్యం లేకుండా పెదాలు కదుపుతూ చదువుకునేది, తల అడ్డంగా ఊపి పెన్ను తీసేసేది. నాలుగుసార్లు మొదటినుంచి చివరిదాకా అలా చదవడం కళ్లారా చూశాను.

మూడో రోజు ఒక్క గీత కూడా లేని పేజీ ఇచ్చింది.

"చదివావా అమ్మా?" అన్నాడు బాబాయ్.

"చదివానండి. ముట్టుకుంటే పాడవుతుందనిపించింది."

ఆయన కాగితం తిప్పి వెనకవైపు కూడా చూశాడు. ఒళ్లు వంచని పిల్ల అనుకున్నాడు. "ఈ పని నీకు నప్పదమ్మా. చెబుతున్నానని ఏమీ అనుకోకు" అని నా వైపు తిరిగాడు. "నువ్వేమంటావు?"

నేను ముఖచిత్రం రంగులతో కుస్తీ పడుతున్నాను. "మీ ఇష్టం బాబాయ్" అన్నాను. అమ్మాయి ఒక్కసారి నా మొహంలోకి చూసి సంచీ సర్దుకుంది.

కుర్రాడు దిద్దిందే అచ్చయింది. పది రోజులకి పెద్దావిడ పత్రిక చేత్తో పట్టుకుని ఆఫీసుకొచ్చింది. కోపం లేదు, గొడవ లేదు. "చాలా బాగుంది నాయనా. కానీ ఇందులో మా ఆయన కనపడలేదు" అంది.

ఆవిడ వెళ్లాక బాబాయ్ సొరుగులోంచి అమ్మాయి ఇచ్చిన పేజీ తీశాడు. గీతల కోసం వెతక్కుండా మొదటిసారి ఆ వ్యాసం చదివాడు. మధ్యలో రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నాడు. వెంటనే అమ్మాయికి ఫోన్ చేసి, నాకూ వినపడాలని స్పీకర్ పెట్టాడు. ఎక్కడో టికెట్ల కౌంటర్‌లో చేరిందట.

"తప్పు చేశానమ్మా. వచ్చెయ్, ఎడిటర్‌గారితో నేను మాట్లాడతాను."

"వద్దులెండి. మీరన్నాక నాకూ అదే నిజమనిపించింది. ఇప్పుడు ఏదైనా చదవాలంటేనే భయమేస్తోందండి."

గొంతులో నిష్ఠూరం కూడా లేదు. నా ప్రాణం ఉసూరుమంది. ఫోన్ పెట్టేశాక ఉండబట్టలేక అనేశాను, "నాలుగుసార్లు చదివింది బాబాయ్. నా బల్ల దగ్గరే."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మరి అడిగినప్పుడు చెప్పలేదేం?"

ముఖచిత్రం పనిలో ఉన్నానని చెప్పబోయాను. అది ఏ ముఖచిత్రమో కూడా గుర్తు రాలేదు.