జారని రాయి

రాళ్ళ దుకాణం యజమాని కుర్చీలోంచి లేచి వచ్చేసరికే ఆవిడ చెప్పులు విప్పేసి, గ్రానైటు నమూనా ముక్కను నేలమీద పెట్టి, చేతిసంచీలోంచి సీసా తీసి దాని మీద నీళ్ళు కుమ్మరిస్తోంది.

"అమ్మా, ఏం చేస్తున్నారు?"

"నిలబడి చూస్తున్నాను."

తడి రాతి మీద రెండు పాదాలూ పెట్టి మడమను అటూ ఇటూ కదిపింది. సర్రున జారింది. యజమాని చెయ్యి పట్టుకోకపోతే పక్కనున్న టైల్స్ దొంతర మీద పడేదే.

"చూశారా!" అంది, నేరం ఆయన చేసినట్టు.

ఆ వారంలో అది ఐదో దుకాణం.

ఆవిడ ఇరవై ఆరేళ్ళు సిటీ బస్సులో కండక్టరుగా చేసింది. వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆవిడ రైటమ్మ. ఒకప్పుడు ఆ పేరుకి నవ్వుతూ పలికేది. ఈమధ్య ఎవరైనా అలా పిలిస్తే వినపడనట్టు వెళ్ళిపోతోంది. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగానే ఉద్యోగం మానేసి ఆరు నెలలైంది. మోకాళ్ళ నొప్పులని చెప్పింది. పొద్దుట లేచింది మొదలు కాలుగాలిన పిల్లిలా తిరిగే మనిషికి మోకాళ్ళ నొప్పులేమిటో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు.

ఇంట్లో ఉండేది ముగ్గురు. ముందు గదిలో భర్త కుట్టుమిషను. లోపలి గదిలో ఎనభై దాటిన అత్తగారు, ఆవిడ చేతికర్ర. గేటు నుంచి గుమ్మం దాకా ఇరవై అడుగుల మట్టి వాకిలి. అక్కణ్ణుంచి గోడ పక్కగా పెరట్లో కుళాయి దాకా సన్నటి దారి. వాన పడితే బట్టలు కుట్టించుకోవడానికి వచ్చేవాళ్ళ కాళ్ళతో బురద గదిలోకి వచ్చేది. ఏళ్ళుగా అంతే, ఎవరూ పట్టించుకోలేదు. ఈ ఏడు మొదటి వానకి అత్తగారు కుళాయి దగ్గర కాలు జారి, గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. "బతికిపోయాను!" అని పకపకా నవ్వింది. కోడలు నవ్వలేదు. ఆ మధ్యాహ్నమే రాళ్ళ వేట మొదలుపెట్టింది.

వారం తిరిగేసరికి వాకిట్లో నమూనాలు బారులు తీరాయి. సిమెంటు టైలు, ఇటుక, నున్నటి గ్రానైటు, మెరుగు పెట్టని నాపరాయి, ఒక తట్టెడు కంకర. రోజూ వాటి మీద నీళ్ళు పోసేది, సబ్బునీళ్ళు పోసేది, మిట్టమధ్యాహ్నం ఉత్తకాళ్ళతో నడిచేది. అత్తగారిని కూడా వదల్లేదు.

"ఏమే అమ్మాయ్, ఇవాళ దేని మీద నడిపిస్తావు నన్ను?"

"కంకర మీద అత్తయ్యా. మెల్లిగా."

కర్ర పెట్టగానే జానెడు దిగబడింది. కర్రని పైకి లాగడానికి ఇద్దరూ నానా తంటాలు పడ్డారు.

తాపీమేస్త్రి మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ వెనక్కి పోయాడు. మొదటిసారి సిమెంటు టైల్స్ అనుకున్నారు. అతను దారం కట్టి కొలతలు వేస్తుండగా ఆవిడ టైలు మీద కాలు పెట్టి "పెనంలా కాలుతోంది, వద్దు" అంది. రెండోసారి ఇటుకలు. నీడపట్టున ఇటుక మీద నాచు పడుతుందని అతనే నోరు జారాడు. అంతే, అవీ వద్దంది. మూడోసారి కంకర వద్దన్నాక పార పక్కన పెట్టేశాడు.

"అమ్మగారూ, ముప్పై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నా. రాళ్ళు పరిపించుకునేవాళ్ళని చూశా, పరిచినవి పీకించేవాళ్ళని చూశా. రాళ్ళని ఇంటర్వ్యూ చేసేవాళ్ళని మాత్రం మిమ్మల్నే చూస్తున్నా. ఏదో ఒకటి ఖాయం చేసుకుని కబురు పెట్టండి."

అతను వెళ్ళగానే ఆవిడ నాపరాయి మీద సబ్బునీళ్ళు పోసి మళ్ళీ కాలితో రుద్దడం మొదలుపెట్టింది. ముందు గదిలో మిషను ఆగింది. భర్త బయటికి వచ్చాడు. ఆయన మామూలుగా మాట్లాడేదే తక్కువ.

"ఇక చాల్లే. వచ్చి కూర్చో."

"కూర్చోలేనండీ."

"అమ్మ పడిపోతుందని భయమా?"

"అత్తయ్య కాదు." ఆవిడ కాలు ఆగింది. "పడాల్సినావిడ ఎప్పుడో పడిపోయింది."

అప్పుడు చెప్పింది. ఉద్యోగం మానడానికి నెల ముందు, సన్నగా చినుకులు. ఆస్పత్రి స్టాపులో ఒక పెద్దావిడ దిగుతోంది. ఒక కాలు మెట్టు మీద, ఇంకో కాలు గాల్లో. వెనక జనం తోసుకుంటున్నారు, బస్సు అప్పటికే ఆలస్యం. దిగారో లేదో చూడకుండా "రైట్ రైట్" అనేసింది. బస్సు కదిలింది. అరిగి నున్నబడ్డ ఇనపమెట్టు, పైగా తడి. పెద్దావిడకి తుంటి ఎముక విరిగింది.

"విచారణలో అందరూ మెట్టుదే తప్పన్నారు. మెట్టు మార్చేశారు కూడా. నేనూ తలూపాను. మెట్టు జారింది, నిజమే. కానీ కదలమన్నది నేను కదండీ."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"మీరూ మెట్టుదే తప్పంటారని."

లోపల్నుంచి కర్ర చప్పుడైంది.

"ఆవిడ ఉందా, పోయిందా?" అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది.

"తెలీదు అత్తయ్యా."

"ఆ సంగతి కనుక్కోకుండా ఈ రాళ్ళ చుట్టూ తిరుగుతున్నావా? రేపే వెళ్ళి చూసి రా."

విచారణ కాగితంలో చిరునామా ఉంది. మర్నాడు ఉదయం ఆవిడ ఆ వీధికి వెళ్ళింది. ఆ ఇంటి ముందునుంచి రెండుసార్లు నడిచిపోయింది. మూడోసారి తలుపు తట్టింది. చాలాసేపటికి చక్రాల వాకర్ తోసుకుంటూ పెద్దావిడే వచ్చి తీసింది.

"ఎవరమ్మా?"

"నేను... ఆరోజు బస్సులో కండక్టర్నండీ."

పెద్దావిడ ఎగాదిగా చూసింది. "మొహం గుర్తులేదు. గొంతు మాత్రం మర్చిపోలేదు."

"తప్పు నాదేనండీ. చూడకుండా చెప్పాను."

"అవును, నీదే."

దారి పొడుగునా ఆవిడ ఎన్నో మాటలకి సిద్ధపడింది. తిట్టినా పడదామనుకుంది, పోనీలే అంటే ఏడవకూడదనుకుంది. ఈ మాట ఊహించలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గుండె మీద బరువేదో కాస్త పక్కకి జరిగింది. ఇన్ని నెలల్లో మెట్టుని కాక తననే తప్పుపట్టిన మనిషి ఈవిడే.

"అలా నిలబడతావేం? కూర్చో," అంది పెద్దావిడ. "ఏం చేస్తున్నావిప్పుడు?"

కుర్చీ అంచున కూర్చుని రాళ్ళ సంగతంతా చెప్పింది. పెద్దావిడ మొదటిసారి నవ్వింది.

"పిచ్చిదానా, తడిస్తే జారని రాయి ఎక్కడుంటుంది? గరుకుది ఏదైనా వేసుకో. నీళ్ళు నిలవకుండా వాలు పెట్టించు. రాయికీ రాయికీ మధ్య ఎత్తుపల్లాలు లేకుండా చూసుకో. ఈ చక్రం ఇరుక్కునేది అక్కడే. మా గుమ్మం ముందు చూడు. మావాడికి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. వీధి మొహం చూసి ఏడు నెలలైంది."

గుమ్మానికీ వీధికీ మధ్య టైల్స్ పగిలి, ఒకటి లేచి, ఒకటి కుంగి ఉన్నాయి.

ఆవిడ అట్నుంచి అటే మేస్త్రి ఇంటికి వెళ్ళింది. "ఖాయమైందా అమ్మగారూ?" అని అడిగాడతను.

"అయింది. నాపరాయి. కానీ ముందు మా ఇల్లు కాదు."

రెండు రోజుల్లో పెద్దావిడ గుమ్మం ముందు గరుకు నాపరాళ్ళు సమంగా పరిచారు. పెద్దావిడ కుర్చీ వేయించుకుని దగ్గరుండి చూసింది. ఒక సందు వెడల్పుగా ఉందని మేస్త్రి చేత రెండుసార్లు సరిచేయించింది. "మీ ఇద్దరూ ఎక్కడ దొరికారండీ నాకు!" అని తల పట్టుకున్నాడతను.

ఆ తర్వాతే వీళ్ళ వాకిలి పని జరిగింది. గేటువైపు వాలు పెట్టించారు. పని పూర్తయ్యాక తొలి వాన పడితే ఆవిడ గొడుగు వేసుకుని నీళ్ళు ఎటు పోతున్నాయో చూస్తూ గంటసేపు వాకిట్లోనే నిలబడింది. కుళాయి దగ్గర అరచేతి వెడల్పు మడుగు కనబడింది. మేస్త్రికి మళ్ళీ కబురు వెళ్ళింది.

కాళ్ళు ఒకచోట నిలవడం ఆవిడకి ఇప్పటికీ రాలేదు. మిషను పక్కన పది నిమిషాలు కూర్చుంటే పదకొండో నిమిషానికి లేస్తుంది. కానీ వారానికి మూడు రోజులు ఆ పెద్దావిడ దగ్గరికి వెళ్తుంది. ఇద్దరూ వీధిలోకి దిగుతారు. మొదటి రోజు పక్కింటి గేటు దాకా వెళ్ళగలిగారు. నెల తిరిగేసరికి మలుపు దాకా వెళ్ళారు. అక్కడ పెద్దావిడ వాకర్ మీద వాలి ఊపిరి తీసుకుంటూ, అటువైపు పాలదుకాణం కేసి చూసింది.

"ఎల్లుండి అక్కడిదాకా పోదాం. త్వరగా రా. ఎండెక్కితే నేను కదల్ను."

"వస్తానండీ," అంది ఆవిడ.