కరెంటు బిల్లు వంతు

నూజివీడు పక్కన మా ఊరి రామమందిరంలో కరెంటు బిల్లు నెలకో ఇల్లు కట్టేది. ఎవరి వంతైతే ఆ నెలంతా శనివారం భజనలో హారతి వాళ్ళ పేరున ఇచ్చేవాళ్ళం. మామిడి కోతల నెల ఒక కూలి ముసలమ్మది. తోటలో కాయలు ఏరిన కూలి డబ్బులు కొంగున కట్టుకొచ్చి ఇచ్చి, ఆ నెల మాత్రం ముందు వరసలో కూర్చునేది.

పోయినేడు ఒక తోట ఆసామి మందిరం మీద సోలార్ ప్యానెళ్లు పెట్టించారు. అయిన ఖర్చు కొన్నేళ్ళ బిల్లుల్లోనే తీరిపోతుందన్నారు. రోజూ సూర్యుడికి అర్ఘ్యమిచ్చే నాకు అది స్వామి దయగానే తోచింది. బిల్లుతో పాటు వంతులూ పోయాయి. హారతి ఇక ప్రతి వారం ఆసామి పేరునే.

కోతలు మొదలవగానే ఆమె డబ్బులు తెచ్చింది.

"ఇంక అక్కర్లేదే, సూర్యుడే కట్టేస్తున్నాడు" అన్నారు ఆసామి.

"ఆయనకేం పుణ్యం తక్కువైందండీ, నా వంతు కూడా లాక్కున్నాడు?" అందామె.

అందరం నవ్వాం. ఆమె నవ్వకుండా కొంగు ముడి వేసుకుంది.

తర్వాతి వారం వంతులు మళ్ళీ పెడదామన్నాను. "రాని బిల్లుకి చందాలేంటండీ?" అన్నారు పెద్దలు. భక్తితో ఇస్తే ఆకునైనా దేవుడు కాదనడని ఆ మందిరంలోనే ఎన్నోసార్లు చదివి వినిపించాను. ఆమె తెచ్చినదాన్ని మేం వద్దన్నాం.

ఇప్పుడామె భజనకి రావడం లేదు. పొద్దున తోటకి పోతూ, చెప్పులు విడిచి, వీధిలోంచే దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోతోంది.