ఏదో నేస్తాండా

మా ఇళ్లలో నేసిన మనిషి తన నేతను తాను మెచ్చుకోకూడదు. మగ్గం మీంచి చీర కోశాక ఎవరైనా వచ్చి "ఎట్ల వచ్చిందప్పా?" అంటే, మా నాయన తల కూడా ఎత్తకుండా "ఏదో అయిందిలే" అనేవాడు. చీర ఎంత బాగా కుదిరితే ఆ "ఏదో" అంత మెల్లగా వచ్చేది. సొంత నోటితో బాగుందంటే దిష్టి తగిలి, తర్వాతి చీరకు పోగులు తెగుతాయని మా వాళ్ల భయం. దిక్కుమాలిన భయం.

బెంగళూరులోని ఒక చీరల షాపులో మగ్గం పెట్టి, నేసి చూపిస్తూ ఇంగ్లీషులో వివరించే అమ్మాయి కావాలన్నారు. జీవితమంతా గుంట మగ్గంలో కాళ్లు దించుకుని కూర్చోకూడదని నా పంతం. అందుకే ధర్మవరంలో ఒక మేడ మీద నడిచే స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో చేరాను.

అక్కడి సారు బోర్డు మీద క్రియ రాసి, పక్కన ఇంకో మాట చేర్చేవాడు.

"నడిచింది అంటే సాలదు. నిదానంగా నడిచిందా, బిరబిరా నడిచిందా? ఇంటర్వ్యూలో పని చెప్పి ఊరకుంటే కాదు, ఎట్ల చేస్తారో చెప్పల్ల."

స్లోలీ, నీట్లీ, బ్యూటిఫుల్లీ అని అందరం వల్లించేవాళ్లం. "షి వీవ్స్ బ్యూటిఫుల్లీ" అని గడగడా అనేదాన్ని. "షి" తీసి "ఐ" పెట్టమంటే మాత్రం చివరి మాట మింగేసేదాన్ని.

ఇంటర్వ్యూలో మేనేజరమ్మ నేను నేసిన చీరను ఒళ్లో పరుచుకుని, అంచు మీద వేలు నడిపింది. నచ్చిందని ముఖంలోనే తెలిసింది. నువ్వెలా నేస్తావని ఇంగ్లీషులో అడిగింది.

"ఐ వీవ్..." అన్నాను. పక్కన పెట్టాల్సిన మాట నాలుక చివరే ఉంది. నాయన, దిష్టి, తెగే పోగులు అన్నీ అడ్డం వచ్చాయి. "సంహౌ, మేడమ్."

ఆమె చీర మడిచి నా చేతికిచ్చింది.

"ఏదో ఒకలా నేసేవాళ్లు మాకెందుకమ్మా" అంది, తెలుగులోనే.

ఆ ఉద్యోగం మా క్లాసులోని ఇంకో పిల్లకు వచ్చింది. అంచు వంకర పోకుండా ఒక్క చీర నేసిన పాపాన పోలేదు ఆ పిల్ల. "పర్‌ఫెక్ట్‌లీ" అని మాత్రం రెప్ప వేయకుండా చెప్పిందట. ఆమె మీద నాకు కోపం లేదని అందరితో అంటాను. అబద్ధం, ఉంది. ఇంత పనితనం నేర్పి, దాన్ని చెప్పుకునే నోరు కుట్టేసిన మా ఇంటి మీద ఇంకా ఎక్కువ ఉంది.

ఇంటర్వ్యూ అయిన రోజు నేను ఇంటికి వచ్చేసరికి నాయన మగ్గంలోనే ఉన్నాడు.

"ఏం పాపా, ఎట్ల చేసినావు?"

"ఏదో చేసినా, నాయనా."

ఆయన చేతిలో పోగు విసిరే నాడె ఆగింది. ముఖమంతా వెలిగిపోయింది. వంటింట్లో ఉన్న అమ్మను కేకేసి, "పాప బెంగళూరు పోతాది, దాని మగ్గానికి ఇంగ ఎవుర్నన్నా మనిషిని సూడల్ల" అన్నాడు.

నేను చీర సంచి గోడకు ఆనించి, నా మగ్గం గుంటలోకి కాళ్లు దించాను.