యాప్రాల్ పెద్దాయన కారు సీటు

సికింద్రాబాద్‌లో నేను కార్ల సీట్లు కుట్టే రోజుల్లో, యాప్రాల్ నుంచి ఒక పెద్దాయన తన పాత స్పోర్ట్స్ కారు తెచ్చాడు. భార్యకు ఎముకల క్యాన్సర్. ఒక్కసారి ఆ కారులో చర్చికి వెళ్లాలని ఆమె కోరికట. చిరిగిన సీటును ఊడదీసి నా దగ్గర ఉంచుకుని, కొత్త స్పాంజి వేసి కుట్టాను. ఆయన వచ్చిన ప్రతిసారీ అందులో కూర్చుని, కళ్లు మూసుకుని, "ఇంకా గుచ్చుతుంది బేటా, జెర మెత్తగ చెయ్" అనేవాడు. నేను కుట్లు విప్పి మళ్లీ మొదలుపెట్టేవాణ్ని.

చివరికి సీటు బిగించడానికి వాళ్లింటికే వెళ్లాను. ఆయన ఆమెను ఎత్తుకొచ్చి కూర్చోబెట్టి, కారు కదిలించాడు.

"ఎట్లుంది?"

"మస్తు మెత్తగుంది. పోనియ్యుండ్రి," అని ఆమె నవ్వింది.

గేటు దాటకముందే ఆయన ఆమె చేతిని చూశాడు. తలుపును బిగించి పట్టుకున్న వేళ్లు తెల్లగా పాలిపోయాయి. ఇంజన్ ఆపేశాడు.

"నీ తప్పేం లేదు బేటా, సీటు మంచిగనే కుట్టినవ్," అంటూ స్టీరింగ్ మీద తల వాల్చేశాడు.