డ్రయర్‌కి కొట్టిన కొబ్బరికాయ

ఫిజీలో మా ఊరు బులిలేకాలో మామిడికాయలు రాలితే ఏరుకునే దిక్కు లేని రోజులవి. సీజన్ వస్తే ప్రతి ఇంటి వెనకా కుప్పలు కుళ్లేవి. పచ్చడి సీసాలు లబాసా టౌనుకి తీసుకెళితే, లైసెన్సు ఉన్న వంటశాలలో చేసినవైతేనే తీసుకుంటామనేవారు దుకాణాలవాళ్లు. అందుకే ఎరువుల మూటలు పెట్టే పాత షెడ్డును రైతులందరూ వాడుకునే వంటశాలగా మార్చమని రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాను. నా నోరు మంచిది కాదని ఊరంతా అంటారు. ఆ నోరే లేకపోతే సిమెంటు నేల వచ్చేదా, స్టీలు బల్లలు వచ్చేవా, ముక్కలు ఎండబెట్టే కరెంటు డ్రయర్ వచ్చేదా?

షెడ్డు మా చెరకు రైతులకీ, పక్కనున్న ఫిజియన్ ఊరివాళ్లకీ ఉమ్మడి. అయినా బోర్డు మీద వంతులు నేనే రాసేశాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా మా మామిడి. శనివారం ఒక్కరోజు వాళ్ల దాలో దుంప. ఆ ఊరి ఆడవాళ్లకు పెద్దదిక్కయిన ఆవిడ బోర్డు వంక చూసింది.

"మామిడి ఆగదు. మీ దుంప భూమిలో ఎన్నాళ్లయినా ఆగుతుంది" అని దబాయించాను.

రాజధాని సువా నుంచి తనిఖీకి లైసెన్సులిచ్చే మేడమ్ వచ్చే రోజు రానే వచ్చింది. డ్రయర్ తిరుగుతూ కనిపిస్తేనే లైసెన్సు. లేదంటే ఆవిడ మళ్లీ వచ్చేది మామిడికాయలన్నీ అయిపోయాకే.

పొద్దున్నే మా అత్త అడ్డు తగిలింది. "బొట్టు లేకుండా మిషన్ చాలూ చేస్తారే? ట్రాక్టర్ కొన్నప్పుడు పూజ చెయ్‌లే?"

అదీ నిజమే. పసుపు రాశాను, బొట్టు పెట్టాను, స్విచ్ వేశాను. ఫ్యాను గిర్రున తిరిగింది. ఆ సంబరంలో ఒళ్లు తెలియలేదు. ట్రాక్టర్ బంపర్‌కి కొట్టినట్టే కొబ్బరికాయను డ్రయర్ ఇనప అంచుకేసి ఫట్‌మని కొట్టాను. నీళ్లన్నీ స్విచ్ పెట్టెలోకి దిగాయి. టప్‌మని చప్పుడు. అంతే, ఆగిపోయింది.

"అరే బాప్ రే! బొట్టు పెట్టమంటే తలంటు పోశావేమే!" అంది అత్త.

ఎవరినైనా తిడదామంటే తప్పంతా నాదే. రెండేళ్ల కష్టం నా చేత్తోనే పాడుచేసుకున్నానని బల్ల పట్టుకుని భోరుమన్నాను.

అప్పుడు, తనిఖీకని వచ్చి కూర్చున్న ఆ ఫిజియన్ ఆవిడ లేచింది. మా వైపు ఫిజియన్లంతా హిందీ గలగలా మాట్లాడతారు. "హటో బహినీ. మెయిన్ బంద్ కరో" అంటూ నన్ను పక్కకి నెట్టి, కరెంటు ఆపించి స్విచ్ పెట్టె మూత విప్పింది. మంచినీళ్లతో జిగురు కడిగింది. పాత గుడ్డతో తుడిచి, ఆ పెట్టెను కట్టెల పొయ్యి పక్కన ఆరబెట్టింది. "సముద్రం మింగిన పడవ ఇంజన్లకే ప్రాణం పోశాం. నీ కొబ్బరినీళ్లెంత!" అని నవ్వింది.

మేడమ్ జీపు గేటు దగ్గర ఆగేసరికి ఆవిడ చివరి స్క్రూ బిగిస్తోంది. స్విచ్ నన్నే వెయ్యమంది. వేశాను. ఫ్యాను తిరిగింది! ఇరవైమందిమి ఒక్కసారే కేక పెట్టాం. మేడమ్ హడలిపోయి, ఆనక తనూ నవ్వేసి, కాగితం మీద సంతకం పెట్టింది.

మేడమ్ వెళ్లగానే బోర్డు తుడిచేసి, చాక్‌పీసు మా ఇంజన్ డాక్టరమ్మ చేతికిచ్చాను. వారమంతా తమకే రాసుకున్నా నోరెత్తేదాన్ని కాదు.

సోమవారం నుంచి శుక్రవారం దాకా మామిడి అనే రాసింది.

"మామిడి ఆగదు కదా" అంది. శనివారం పక్కన మాత్రం మామిడి, దాలో రెండూ రాసింది.

ఈమధ్య నమాకాలో, ఎయిర్‌పోర్టు దగ్గర కొట్లో మా సీసాలు వరసగా చూసి గర్వంతో నా ఛాతీ ఉప్పొంగింది. సీజన్ మొదట్లో ఇప్పటికీ కొబ్బరికాయ కొడతాం, గుమ్మం బయట. కొట్టేది మా డాక్టరమ్మే. అది అయ్యేదాకా నన్ను డ్రయర్ దరిదాపులకి రానివ్వదు.